నెల రోజుల మంత్రి జీవితం రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఫిజీ భారతీయుల నాయకుడు జై రామ్ రెడ్డి మీద నువ్వు ఆక్లాండ్ నుంచి రాసి పంపిన వ్యాసం చిత్తుప్రతి అందింది. తెర మీద చదవడం నా కళ్ళకు కష్టమని మీ అత్తయ్య దాన్ని కాగితం మీద అచ్చు వేయించి తెచ్చింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర కలం పట్టుకుని చదివాను. నువ్వు అడిగింది అచ్చుతప్పులు చూడమని మాత్రమే. కాని విదేశీ వార్తల బల్ల దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చుని, ఎక్కడెక్కడి మంత్రుల జీవితాలనో రాత్రికి రాత్రి నాలుగు పేరాల్లోకి కుదించిన వాడిని కాబట్టి, పరాయి దేశపు రాజకీయ నాయకుడి జీవితం రాసేటప్పుడు నేను చేసిన తప్పులు నువ్వు చేయకూడదన్న ఆశతో ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

కోపగించుకోకు, ముందుగా నీ మొదటి వాక్యాన్నే కొట్టేశాను. 'పసిఫిక్ మహాసముద్రం మీద తెలుగు వెలుగులు పంచిన మన రెడ్డి' అని మొదలుపెట్టావు. 1987 మే నెలలో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగిన రాత్రి నేనూ ఈ పనే చేశాను. టెలిప్రింటర్ మీద దిగుతున్న మంత్రుల పేర్లలో రెడ్డి అన్న మాట కనపడగానే, ఇంకేమీ విచారించకుండా 'ఫిజీలో తెలుగు మంత్రి నిర్బంధం' అని శీర్షిక పెట్టాను. వారం తిరక్కుండానే కాకినాడ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన కార్డు రాశాడు. తన తండ్రికి పినతండ్రి అయిన మనిషి కూలి ఒడంబడిక మీద ఫిజీకి వెళ్ళి తిరిగి రాలేదనీ, ఆ దేశం గురించి పత్రికలో ఒక్క అక్షరం పడినా వెతుక్కుని చదువుతాననీ చెప్పి, చివర ఒక ప్రశ్న వేశాడు: ఆ మంత్రి ఏ శాఖ చూసేవాడో, ఆయన్ని ఎందుకు పట్టుకున్నారో మీ వార్తలో లేదు, తెలుగువాడన్న మాట తప్ప మీకు ఆయన గురించి ఏం తెలుసు అని. జవాబు రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ కార్డు చాలా ఏళ్ళు నా సొరుగులోనే ఉండిపోయింది.

అలాగని తెలుగు బంధాన్ని పూర్తిగా వదిలేయమనడం లేదు. ఉన్నంత వరకు, ఉన్నట్టుగా చెప్పు. 1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి విడత కూలీలను ఫిజీకి చేర్చింది. 1916 దాకా సాగిన ఆ రవాణాలో 60 వేలకు పైగా మనుషులు వెళ్ళారు. మద్రాసు రేవు నుంచి పంపడం 1903లో మొదలైంది. ఆ దారిన వెళ్ళిన సుమారు 15 వేల మందిలో ఉత్తర ఆర్కాటు, గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల వాళ్ళు ఉన్నారు. అగ్రిమెంటు అన్న మాట వాళ్ళ నోట నలిగి గిర్మిట్ అయింది. ఉత్తరాది కూలీలు దక్షిణాది వాళ్ళందరినీ ఒకే గాటన కట్టి మద్రాజీలన్నారు. చెరకు తోటల్లో అందరికీ పనికొచ్చే ఫిజీ హిందీ ఒకటి తయారై, తరాలు మారేకొద్దీ తెలుగు చాలా ఇళ్ళలో మాట్లాడుకునే భాషగా నిలవలేదు. దక్షిణాది వాళ్ళంతా కలిసి 1926లో నాంది అనే ఊళ్ళో ఒక సంగం పెట్టుకున్నారు. అందులో తమ భాషకు తగినంత చోటు దొరకడం లేదని తెలుగువాళ్ళు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం అని వేరే పెట్టుకున్నారు. (వేరుపడడంలో మనవాళ్ళు ఏ ద్వీపానికి వెళ్ళినా మనవాళ్ళే.) రెడ్డి పుట్టి పెరిగిన సమాజం ఇది, దీన్ని ఒక పేరాలో చెప్పు, చాలు. ఇంటిపేరు ఒక్కదాన్నే సాక్ష్యంగా పెట్టుకుని తాతగారి ఊరిని ఊహించకు. గిర్మిట్ పాసు మీద మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు రాసేవారు; రాసిన గుమాస్తా చెవికి వినపడినట్టే పేర్లు మారిపోయేవి, ఒకరి కులనామమో తండ్రి పేరో మనవల నాటికి ఇంటిపేరై కూర్చునేది. ఆ పాసు నకలు నీ చేతికి వచ్చేదాకా నీ చిత్తుప్రతిలోని రెండో పేరా మొత్తం పక్కన పెట్టు. పైగా ఆయనకు ఓట్లు వేసిన వాళ్ళలో హిందీ వాళ్ళు, గుజరాతీలు, ముస్లింలు, తమిళులు అందరూ ఉన్నారు. వాళ్ళెవరూ ఆయన్ని తెలుగువాడని ఎన్నుకోలేదు.

పేర్ల విషయం ఇక్కడే చెప్పేస్తాను. ఫిజీ భాషను ఆంగ్ల లిపిలో రాసే పద్ధతి వేరు. అక్కడ బీ అక్షరానికి ముందు మకారం, డీ అక్షరానికి ముందు నకారం పలుకుతాయి. జీ అంటే ముక్కుతో పలికే ఙ, సీ అంటే థ. అందుచేత నువ్వు రాసిన నాడి నాంది కావాలి, రబుకా రంబుకా కావాలి, కకోబౌ థాకోంబావ్ కావాలి, తిమోసి బవద్రా తిమోథి బవాంద్రా కావాలి. మన లిపిలో సున్న ఉంది కాబట్టి ఇంగ్లీషు విలేఖరుల కంటే మనకే ఇది సులువు. ఇంకొక మాట కూడా మార్చాలి. జాతుల వారీగా వేరు చేసిన ఓటర్ల జాబితాల నుంచి ఎన్నికయ్యే స్థానాలను నువ్వు 'మతపరమైన నియోజకవర్గాలు' అన్నావు. ఇంగ్లీషు మాటను మన దేశపు అర్థంలో తీసుకోవడం వల్ల వచ్చిన పొరపాటు అది. అక్కడ విభజన మతాన్ని బట్టి కాదు, మూలవాసులా, భారతీయులా, ఇతరులా అన్నదాన్ని బట్టి. 'జాతి జాబితా స్థానం' అని రాయి.

ఇక అసలు సంగతి. నీ వ్యాసం పెళ్ళి సంబంధానికి పంపే వివరాల కాగితంలా ఉంది. 1937లో పుట్టాడు, న్యూజీలాండ్‌లో న్యాయశాస్త్రం చదివాడు, లౌతోకాలో వకీలు అయ్యాడు, 1972లో సెనేటర్, 1977లో ప్రతిపక్ష నాయకుడు, 1987లో మంత్రి, 1992లో మళ్ళీ ప్రతిపక్ష నాయకుడు, 1998లో ఫిజీ అత్యున్నత పురస్కారం, తరువాత న్యాయమూర్తి అని ఒక్కో మెట్టుకూ సమానంగా రెండేసి వాక్యాలు ఇచ్చావు. మంత్రి పదవి నెల రోజులు. ప్రతిపక్షంలో నాయకత్వం, రెండు విడతలూ కలిపితే, పదమూడేళ్ళ దాకా. కొలతలే తప్పినప్పుడు నిజాలన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ తప్పుగా వస్తుంది. ఈ మనిషి జీవితంలో పదవులను కాదు, ఆయన వెనక్కి తగ్గిన సందర్భాలను వరుసగా పెట్టి చూడు. ఒక్కో దాని వెనుక ఏ ఓట్ల లెక్క ఉందో అడుగు. అప్పుడు పదవులు వాటంతట అవే సరైన సైజులో కనిపిస్తాయి.

లెక్క తెలియాలంటే 1970 రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టాలి. స్వాతంత్ర్యం వచ్చిన ఆ ఏడాది దిగువ సభకు 52 స్థానాలు పెట్టారు: మూలవాసులకు 22, భారతీయులకు 22, మిగతావారికి 8. మొదటి రెండు వర్గాల్లోనూ 12 చొప్పున సొంత జాతి ఓటర్లే ఎన్నుకునేవి, 10 చొప్పున అన్ని జాతుల వాళ్ళూ కలిసి ఎన్నుకునేవి. ప్రతి ఓటరుకూ నాలుగు ఓట్లు ఉండేవి. భారతీయుల పార్టీగా పేరుపడిన నేషనల్ ఫెడరేషన్ పార్టీ తన వర్గపు 22 స్థానాలూ ఊడ్చేసినా అధికారానికి ఇంకో ఐదు తక్కువే. అంటే రెడ్డి అడుగుపెట్టిన రాజకీయంలో సొంతవాళ్ళ ఓట్లతో మాత్రమే నెగ్గడం లెక్క ప్రకారమే అసాధ్యం, సొంతవాళ్ళ ఓట్లు లేకుండా నిలబడడం అంతకన్నా అసాధ్యం. ఈ రెండు వాక్యాలు పాఠకుడి తలలోకి ఎక్కితే మిగతా ముప్పై ఏళ్ళు దానంతట అదే అర్థమవుతుంది. ఎక్కకపోతే నువ్వు ఎన్ని విశేషణాలు వాడినా లాభం లేదు.

1977 ఘట్టాన్ని నువ్వు దాటేశావు. బహుశా నాయకుడి గౌరవానికి భంగమనుకున్నావేమో. ఆ ఏడాది తొలి ఎన్నికల్లో, మూలవాసుల ఓట్లను బుతంద్రోకా పెట్టిన జాతీయవాద పార్టీ చీల్చడంతో, ఫెడరేషన్ పార్టీకి 26, అప్పటి ప్రధాని రాతు మారా నడిపిన అలయన్స్ పార్టీకి 24 వచ్చాయి. గెలిచిన పార్టీ తన నాయకుడు సిద్దిక్ కోయా ప్రధాని కావచ్చా కాదా అని లోపల కొట్టుకుంటూ కొద్ది రోజులు గడిపింది. ఆ లోపల గవర్నర్ జనరల్ థాకోంబావ్ మళ్ళీ మారాకే అధికారం అప్పగించాడు. సెప్టెంబరులో మళ్ళీ ఎన్నికలు వచ్చేసరికి ఫెడరేషన్ పార్టీ పావురం గుర్తు, పువ్వు గుర్తు అని రెండు ముక్కలై ఉంది. పువ్వు గుర్తు మీద నిలబడిన రెడ్డి లౌతోకాలో స్వయంగా కోయానే ఓడించాడు. అలయన్స్‌కు 36 స్థానాలు, రెండు ముక్కలకూ కలిపి 15. ఆ 15 మందికి నాయకుడై ప్రతిపక్ష కుర్చీలో కూర్చున్నాడు. ఇంటి గొడవలోంచి పైకి వచ్చిన నాయకుడని రాయడానికి నువ్వు సంకోచించకు. జాతుల మధ్య రాజీ కోసం తరువాత ఆయన పడిన ఆరాటాన్ని మెచ్చుకునే హక్కు, ఈ గొడవను కూడా రాసిన రచయితకే ఉంటుంది.

1983 సంగతి చిన్నదే కాని పాత్ర చిత్రణకు బాగా పనికొస్తుంది. సభలో సరిగా లేచి నిలబడి మాట్లాడలేదని స్పీకర్ తోమసి వకతోరా మందలించాడని బయటికి నడిచి, ఆయన ఆ కుర్చీలో ఉన్నంత కాలం తిరిగి రానని పట్టుబట్టి, చివరకు నాయకత్వాన్నే వదులుకున్నాడు. కోయా మళ్ళీ నాయకుడయ్యాడు. నువ్వు దీన్ని ఆత్మాభిమానమన్నావు. నాకు మాత్రం అది ఒక తెలివైన వకీలు చేసిన అనవసరమైన పంతంలాగే కనిపిస్తుంది. నా మాట రాయనక్కర్లేదు, నీ మాటా రాయకు. జరిగింది చెప్పి, పన్నెండేళ్ళ తరువాత రాజ్యాంగ సమీక్షకు వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్‌లో ప్రభుత్వం తరఫున ఆ వకతోరాయే కూర్చున్నాడనీ, ఆ కమిషన్ నివేదికనే రెడ్డి చేతుల మీద పెట్టుకుని చర్చలకు వెళ్ళాడనీ తరువాతి పేజీలో గుర్తుచెయ్యి. పాఠకుడు తానే కలుపుకుంటాడు.

మంత్రి పదవి దగ్గరికి వద్దాం. 1985లో పుట్టిన లేబర్ పార్టీతో ఫెడరేషన్ పార్టీ చేయి కలిపి 1987 ఏప్రిల్‌లో 52కి 28 గెలిచింది. ఆ 28 మందిలో 19 మంది భారతీయులు. అయినా ప్రధాని కుర్చీ మూలవాసి, పశ్చిమ ప్రాంతపు వైద్యుడు బవాంద్రాకు ఇచ్చి, రెడ్డి అటార్నీ జనరల్‌గా, న్యాయశాఖ మంత్రిగా పక్కన కూర్చున్నాడు. ఇక్కడ మన పాఠకుడికి ఒక వివరణ తప్పనిసరి: మన దేశంలో అటార్నీ జనరల్ ప్రభుత్వానికి పెద్ద వకీలే కాని మంత్రివర్గ సభ్యుడు కాదు, ఫిజీలో ఆయన మంత్రి. ఇది చెప్పకపోతే 'వకీలు ఉద్యోగం పోయిందని అంత గోల ఎందుకు' అనుకునే వాళ్ళుంటారు. ఏప్రిల్ 13న ప్రమాణం చేసిన ఆ ప్రభుత్వం మే 14న, కొత్త పార్లమెంటు తొలి సమావేశాలు నడుస్తుండగానే, లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబుకా మనుషులు పది మంది ముసుగులు వేసుకుని సభలోకి రావడంతో ముగిసింది. కాబట్టి 'న్యాయ శాఖలో ఎన్నో సంస్కరణలు తెచ్చాడు' అని నువ్వు రాసిన వాక్యం నిలవదు. నెల రోజుల్లో మంత్రికి కార్యదర్శుల పేర్లే గుర్తుండవు. పొగడాలన్న తొందరలో లేని పనులు అంటగడితే, ఉన్న పని కూడా నమ్మబుద్ధి కాదు.

ఆ నెల రోజుల్లో చెప్పవలసింది వేరే ఉంది. దేశపు భూమిలో 80 శాతానికి పైగా మూలవాసుల గోత్రాల సొత్తు, అమ్మడానికి వీల్లేదు. భారతీయ రైతు దాన్ని కౌలుకు తీసుకుని చెరకు పండించేవాడు. భారతీయులు ఎక్కువగా ఉన్న ప్రభుత్వం వస్తే భూమి పోతుందని వీధుల్లో ఊరేగింపులు జరిగాయి. నిజానికి ఆ భూచట్టాలను ముట్టుకోవాలంటే సెనేట్‌లో తెగ పెద్దల మహాసభ నియమించిన 8 మందిలో 6 మంది ఒప్పుకోవాలని 1970 రాజ్యాంగమే కట్టుదిట్టం చేసి పెట్టింది. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు న్యాయశాఖ మంత్రి. చట్టం ఒకటి చెబుతున్నా జనం భయం ఇంకొకటి నమ్ముతుందని ఆ నెలలో ఆయన ఎదుటే రుజువైంది. తరువాత పదేళ్ళ పాటు ఆయన చేసిన ప్రతి పనికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఇక లియోనిదాస్ ఓడ వచ్చిన తేదీ, తిరుగుబాటు తేదీ ఒకటే కావడం, మధ్య 108 ఏళ్ళు కావడం నిజమే. నువ్వు దాన్ని మూడుచోట్ల వాడావు. ఒకసారి చాలు.

రంబుకా తిరుగుబాటు దరిమిలా మారా నడిపిన తాత్కాలిక ప్రభుత్వం 1990లో తెచ్చిన రాజ్యాంగం 70 స్థానాల్లో 37 మూలవాసులకు, 27 భారతీయులకు ఇచ్చి, ప్రధాని పదవిని మూలవాసులకే కట్టబెట్టింది. 1986లో జనాభాలో సుమారు 49 శాతం ఉన్న భారతీయులు ఆ తరువాత వేలకు వేలుగా దేశం విడిచారు. నీ చుట్టుపక్కల ఉన్న కుటుంబాల్లో ఎందరో అప్పుడే వచ్చి ఉంటారు. ఎన్నికలను బహిష్కరించాలా, అన్యాయమైన చట్టసభలోనే కూర్చుని మాట్లాడాలా అన్న ప్రశ్నకు రెడ్డి రెండోదే సమాధానమన్నాడు. 1992లో 27లో 14, 1994లో 20 స్థానాలు ఆయన పార్టీవి. 1992లో ప్రధాని కావడానికి రంబుకాకు మద్దతు ఇచ్చింది రెడ్డి కాదు, మహేంద్ర చౌదరి లేబర్ పార్టీ. ఈ చిన్న సంగతిని తప్పకుండా రాయి, 1999 దగ్గర దీని అవసరం వస్తుంది.

అందరూ రాసేది 1997 జూన్ నాటి ఉపన్యాసం. తెగ పెద్దల మహాసభలో మాట్లాడిన తొలి భారతీయ నాయకుడు ఆయనే. మీరు మూలవాసులకు మాత్రమే పెద్దలు కారు, మా అందరికీ పెద్దలే అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. నువ్వు ఆ మాటలను కొటేషన్లలో పెట్టి, కొంచెం మెరుగులు కూడా దిద్దావు. అలా చేయకు. ఉపన్యాసం పాఠం సంపాదించి చూసి, ఉన్నది ఉన్నట్టు అనువదించు. దొరక్కపోతే సారాంశం చెప్పు. ఉపన్యాసం కంటే కష్టమైన భాగం దాని వెనుక జరిగిన బేరం. సర్ పాల్ రీవ్స్ అధ్యక్షతన కమిషన్ సిఫారసు చేసింది 70 స్థానాల సభ: అందులో 45 జాతితో నిమిత్తం లేకుండా అందరూ పోటీ చేసేవి, 25 జాతులకు కేటాయించినవి. రంబుకా, రెడ్డి ఒప్పందం తరువాత పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించిన రాజ్యాంగంలో 71 స్థానాలు: 46 జాతి జాబితావి, 25 మాత్రమే ఉమ్మడివి. లెక్క దాదాపు తలకిందులైంది. 1990 రాజ్యాంగాన్ని, తిరుగుబాటుతో దానికి దారి వేసిన మనిషి చేతనే రద్దు చేయించడం చిన్న విజయం కాదు. ప్రధాని పదవి మీద జాతి నిబంధన పోయింది, ఫిజీ మళ్ళీ కామన్వెల్త్‌లో చేరింది. కాని ఆయన జీవితమంతా ఏ ఉమ్మడి ఓటును కోరాడో, దాన్నే ధరగా చెల్లించి ఆ రాజీ కొన్నాడు. ఈ వాక్యం రాయడానికి నీకు ధైర్యం కావాలి, ఎందుకంటే నువ్వు మాట్లాడబోయే అభిమానులకు ఇది నచ్చదు. అంతకంటే మంచి బేరం ఆ రోజున దొరికేది కాదని నేను నమ్ముతాను. అయినా ధర ఎంతో చెప్పకుండా బేరాన్ని మెచ్చుకోవడం విలేఖరి పని కాదు.

1999 మే ఎన్నికలకు నువ్వు ఇచ్చింది ఒకే ఒక్క వాక్యం: 'దురదృష్టవశాత్తూ ఓటమి పాలయ్యాడు'. మేనకోడలా, నీ వ్యాసానికి గుండెకాయ అదే. తన మంత్రివర్గాన్ని తుపాకీతో దించిన మనిషితో పొత్తు పెట్టుకుని ఓటర్ల ముందుకు వెళ్ళాడు. ఫెడరేషన్ పార్టీకి ఒక్క స్థానం రాలేదు. రెడ్డి కూడా ఓడిపోయాడు. భారతీయుల జాతి జాబితా స్థానాలు 19కి 19 లేబర్ గెలిచింది, మొత్తం 71లో 37 తెచ్చుకుంది, చౌదరి ఫిజీకి తొలి భారతీయ సంతతి ప్రధాని అయ్యాడు. నువ్వు దురదృష్టం అన్నదాన్ని విడదీసి చూడు. ఆయన పార్టీకి భారతీయుల ఓట్లలో మూడో వంతుకు దగ్గరగా పడ్డాయి, కాని ఆ ఓట్లు అన్ని నియోజకవర్గాల్లోనూ పలచగా పరచుకుని ఉన్నాయి. ఎక్కడా సగం దాటలేదు. 1997, 98 కరవు చెరకును ఎండగొట్టింది. 1976 చట్టం పొడిగించిన కౌలు గడువులు సరిగ్గా ఆ రోజుల్లోనే తీరడం మొదలైంది. ప్రభుత్వ బ్యాంకు ఒకటి కోట్ల డాలర్ల మొండి బాకీలతో కూలింది. పొత్తు భాగస్వామి మీద ఉన్న కోపమంతా రెడ్డి ఖాతాలో పడింది. 1992లో అదే రంబుకాకు మద్దతిచ్చిన పార్టీయే ఈసారి ఆ పొత్తును ద్రోహమంది. రాజకీయాల్లో జ్ఞాపకం అలా పనిచేస్తుంది.

ఇక్కడ నీకు ఒక వసతి ఉంది, నాకు లేనిది. ఆక్లాండ్‌లో ఆ ఓట్లు వేసిన వాళ్ళే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళు, కాని 'రెడ్డి గారి గురించి మీ అభిప్రాయం ఏమిటి' అని అడగకు. అభిప్రాయం అడిగితే అందరూ సంతాప సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు. మీ కౌలు ఏ ఏడాది తీరింది, పునరుద్ధరించారా లేదా, భూమి వాళ్ళతో మీ నాన్నగారికి రాకపోకలు ఉండేవా అని మొదలుపెట్టు. ఆ ఎన్నికల బ్యాలెట్ పత్రానికి రెండు భాగాలుండేవి: పై భాగంలో ఒక పార్టీ పక్కన టిక్కు పెడితే మిగతా ప్రాధాన్యాలు పార్టీయే నిర్ణయించేది, కింది భాగంలో ఓటరే అభ్యర్థులందరికీ అంకెలు వేసుకోవచ్చు. పైన వేశారా, కింద వేశారా అని అడుగు. కింద అంకెలు వేసినవాళ్ళు దొరికితే రెడ్డి పార్టీకి ఎన్నో అంకె వేశారో, ఎందుకో వాళ్ళకు ఇప్పటికీ గుర్తుంటుంది. పెద్దవాళ్ళను అక్కడ పిలిచినట్టే కాకా, కాకీ అని పిలువు. కావా వేరుతో చేసే గ్రాగ్ చిప్ప చేతికిస్తే ఒక్క గుక్కైనా తాగు. కాగితం, కలం రెండో రోజున బయటికి తియ్యి. భార్యాభర్తలను విడివిడిగా అడుగు. కౌలు సంగతి ఆయన చెబుతాడు, ఇల్లు ఖాళీ చేసిన రోజు సంగతి ఆవిడ చెబుతుంది. లేబర్‌కు వేసిన వాళ్ళను కనీసం అంతమందినే కలవకుండా ఆ అధ్యాయం రాయకు.

ఓడిన తరువాత ఆయన రాజకీయాలు మానేశాడు. అప్పీలు కోర్టు అధ్యక్షుడిగా పనిచేసి, 2003లో రువాండా నరమేధంపై విచారణకు ఐక్యరాజ్య సమితి వేసిన ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తిగా టాంజానియాలోని అరూషాకు వెళ్ళాడు. 2008 డిసెంబరులో రువాండా సైన్యపు కర్నల్ బగోసోరాకు శిక్ష వేసిన ముగ్గురిలో ఆయన ఒకడు. ఒక కర్నల్ చేతిలో పదవి పోగొట్టుకున్న మనిషి ఇంకో కర్నల్‌కు తీర్పు చెప్పాడని రాయాలని నీ చేయి దురద పెడుతుంది, నాకు తెలుసు. రాయకు. రువాండాలో వంద రోజుల్లో చచ్చిపోయింది లక్షల మంది, రంబుకా తిరుగుబాటుకు దానితో పోలిక లేదు. ఆ సామ్యం చూపిస్తే రెండు దేశాల వాళ్ళకూ అన్యాయం చేసినట్టే. తీర్పు సంగతి తేదీతో సహా రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్ళు.

నీ చివరి పేరా గురించి. 2022 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. ఆ డిసెంబరులోనే రంబుకా, ఫెడరేషన్ పార్టీ పొత్తుతో మళ్ళీ ప్రధాని అయ్యాడు, మరుసటి ఏడాది మే 14న గిర్మిట్ కూలీల వారసులకు క్షమాపణ చెప్పాడు. 'రెడ్డి కల నిజమైంది' అని ముగించావు. నాలుగు నెలలు ముందే పోయిన మనిషి కలను మనం తీర్చేయడం సబబు కాదు, పైగా 1997 రాజ్యాంగాన్ని 2009లోనే రద్దు చేశారు. జాతి జాబితాలను ఎత్తేసిన 2013 రాజ్యాంగం ఆయన రాసింది కాదు. ఈ సంగతులను చివర నుంచి తీసి 1999 అధ్యాయంలో, పొత్తు ఎందుకు పెట్టుకున్నాడన్న చర్చ దగ్గర పెట్టు. అక్కడ అవి సమాచారం. చివర పెడితే హారతి.

1999లో ఆ 19 స్థానాల్లో రెండు పార్టీలకూ ఎన్నెన్ని ఓట్లు పడ్డాయో ఎన్నికల కార్యాలయం ఫలితాల నుంచి ఒక పట్టిక తయారు చేసి ముందుగా పంపు. తిరగరాసిన వ్యాసం తీరిగ్గా వచ్చినా ఫరవాలేదు. పట్టికను మాత్రం పెద్ద అక్షరాల్లో పంపమని మీ అత్తయ్య చెప్పమంటోంది.

ఇట్లు,
మీ మామయ్య